నాకేం పట్టింపు లేదు

నాష్‌విల్,
మార్చి 4, 1996

అమ్మమ్మా,

ముందు కూర్చో. కూర్చుని చదువు. షికాగో వదిలేశాను. గిటారు, రెండు పెట్టెలు, నువ్వు కుట్టిన బొంత, ఇంతే తెచ్చుకున్నాను. ఇక్కడ నాష్‌విల్‌లో బూట్లు బాగుచేసే దుకాణం మీద ఒక గది దొరికింది. రోజంతా పాలిష్ వాసన. అదీ బాగానే ఉంది, తాతయ్య ఆదివారం బూట్లు గుర్తొస్తున్నాయి.

ఎందుకు వదిలావంటావు. జనవరిలో ఒక కాఫీ హోటల్లో పాడుతున్నాను. పాటయ్యాక ఒక పెద్దావిడ వచ్చి, "చాలా బాగా పాడావమ్మా, ఏ ఊరు మీది?" అంది. కెంటకీ కొండలన్నాను. "అలాగా! నీ పాటలో ఏ ఊరూ వినపడలేదే" అంది. మెచ్చుకుంటూనే అంది పాపం. గదికొచ్చి నా పాటలన్నీ తీసి చూసుకున్నాను. నలభై పాటల్లో ఒక్క వాగుకీ పేరు లేదు. అంతా "శూన్యం", "నేను", "వాన". ఏ వాన? నువ్వయితే ఎన్ని అంగుళాలని అడిగేదానివి.

అందుకని కంట్రీ పాటలకి మారిపోయాను. తాగుబోతులు ఏడ్చే పాటలంటావని తెలుసు, అను. మొదటి పాట రాసేశాను. ప్రేమ పాటే. నీల్ గురించి. తొమ్మిదేళ్ళు పట్టింది నోరు పెగలడానికి.

ఇక్కడి వాళ్ళు కంట్రీ పాటకి ఒక పట్టుమాట ఉండాలంటారు. ప్రతి చరణం తిరిగి తిరిగి దాని దగ్గరికే రావాలి, వచ్చిన ప్రతిసారీ కొంచెం వేరేగా వినపడాలి. నా పట్టుమాట ఏంటో తెలుసా? "నాకేం పట్టింపు లేదు."

నా పాటలు రికార్డు చేసే మార్విన్ అని ఒకాయన ఉన్నాడు. మొదటి రోజు "కాఫీ తాగుతావా?" అన్నాడు. "నాకేం పట్టింపు లేదు" అన్నాను. మొహం మాడ్చుకుని కాఫీ పాత్ర లోపల పెట్టేశాడు. "పొయ్యవేం?" అంటే, "వద్దన్నావుగా" అంటాడు! వీళ్ళకి ఆ మాటంటే 'నాకక్కర్లేదు, ఎటుపోతే నాకేం' అనిట. మా కొండల్లో దానర్థం 'ఓ, సంతోషంగా' అని చెప్పాను. పగలబడి నవ్వి, "ఇదే రాయి, ఇదే నీ పాట" అన్నాడు.

వంతెన కాడ నిలబడి వత్తావా అన్నాడే,
నాకేం పట్టింపు లేదంటినే.
ఊరు దాటి, ఏరు దాటి ఉంటావా అన్నాడే,
నాకేం పట్టింపు లేదంటినే.

మిగతాది కాగితంలో ఉంది. ఎడమ పక్కన రెండంగుళాలు ఖాళీ వదిలాను, నీ ఎర్ర పెన్సిలు కోసం.

నీ ఆడ్రా


కౌపెన్ ఫోర్క్, కెంటకీ,
1996 మార్చి 11

ఆడ్రాకు,

నీ ఉత్తరం శనివారం పదకొండున్నరకు చేరింది. కూర్చునే చదివాను.

ఈ వారం వాన ఒకటింబావు అంగుళం. వాగు రెండో మెట్టు దాకా వచ్చి తగ్గింది. ఎండబెట్టిన చిక్కుడుకాయలు పదకొండు దండలు ఉండాలి, పది ఉన్నాయి. వాగవతలి ఓమాను అడిగితే, "లెక్కపెట్టే దానివి నీకు తెలియాలి గాని నన్నడుగుతావేం?" అంది. చర్చిలో పాట ముందుగా పలికే కొత్త పెద్దాయన ఒక్కో పాదం మరీ తొందరగా అందిస్తున్నాడు. మేం అందుకునేలోపు ఆయన తర్వాతి పాదానికి పోతున్నాడు. నేను చెప్పాను, ఆయనకు నచ్చలేదు.

షికాగో వదలడం నీ ఇష్టం. బొంత తెచ్చుకున్నావు, సంతోషం.

పాట చూశాను. "కాడ" కాదు, "దగ్గర". "వత్తావా" కాదు, "వస్తావా". "అంటినే" అనకూడదు, "అన్నాను" అనాలి. మొత్తం మీద ఏడు తప్పులు. గుర్తులు పెట్టి తిప్పి పంపుతున్నాను.

ఒక ముఖ్యమైన సంగతి. పట్టుమాట మార్చు. దేశంలో ముప్పాతిక మందికి తిరగబడి వినపడే మాటను పాటకు మూలస్తంభం చెయ్యకూడదు. వినేవాడికి పొరపాటు అర్థమైతే తప్పు అనేవాడిదే. ప్రేమ పాట రాయాలనుకుంటే రాయి, ఈ మాట మీద వద్దు. ఇది ఉపాధ్యాయురాలిగా చెబుతున్న మాట.

వేళకు తిను.

మీ అమ్మమ్మ,
వెస్టా స్టిడమ్


నాష్‌విల్,
మార్చి 17

అమ్మమ్మా,

ఏడు తప్పులు! మనవరాలికి కూడా ఇంటిపేరుతో సంతకం పెట్టే మనిషివి, ఏడుతో సరిపెట్టావంటే ఆశ్చర్యమే.

అవి తప్పులు కావమ్మమ్మా. అవి మన ఊరు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు నీ క్లాసులో "వాగు కాడ" అన్నందుకు నన్ను వెనక గోడ దగ్గర నిలబెట్టావు, గుర్తుందా? గోడకి ఆనకూడదని షరతు. సొంత మనవరాలినని కూడా చూడలేదు. ఆ రోజే నా నాలుక మీంచి కౌపెన్ ఫోర్క్ దిగిపోయింది. మళ్ళీ ఎక్కించుకోవడానికి పందొమ్మిదేళ్ళు పట్టింది. కొండమాట అంటే నీకు సిగ్గు, నాకు తెలుసు. పెద్ద చదువు చదివినదానివి. నాకు సిగ్గులేదు. పట్టుమాట మార్చను.

నీల్ పేరు కూడా రాయలేదు నువ్వు. తొమ్మిదేళ్ళయినా వాడి మీద నీకు కోపం తగ్గలేదన్నమాట. నా తరఫున కోపం పెట్టుకోవడానికి నువ్వొక్కదానివే ఉన్నావులే.

ఇక్కడ వారానికి రెండుసార్లు చిన్న హోటళ్ళలో పాడుతున్నాను. పాటకి ముందు కథ చెప్తాను. మా వాగు మీద వంతెన కట్టడానికి ఇండియానా నుంచి సర్వే పనివాడు ఒకడొచ్చాడనీ, ఎనిమిది నెలలు మాతో కలిసి మొక్కజొన్న రొట్టె తిన్నాడనీ. నేను కాలేజీ పరీక్షకని లెక్సింగ్టన్‌లో ఉండగా పైవాళ్ళు వాణ్ణి ఉన్నపళంగా నెబ్రాస్కా పంపించేశారనీ. వాడు మా అమ్మమ్మ దగ్గరికొచ్చి, "ఆడ్రా నాతో వస్తుందేమో అడగండి. వస్తానంటే ఆదివారం దాకా ఆగుతాను, లేదంటే ఇవాళే బయల్దేరతాను" అన్నాడనీ. ఊరంతటికీ ఒకటే ఫోను, అది మా ఇంట్లోదే. నేను రోజూలాగే నాలుగింటికి ఫోన్ చేస్తే అమ్మమ్మ అడిగింది. నా వెనక పదిమంది ఆడపిల్లలు లైన్లో నిలబడి వింటున్నారు. సిగ్గేసి, నవ్వొచ్చి, "నాకేం పట్టింపు లేదని చెప్పు" అన్నాను. ఆదివారం వచ్చేసరికి వాడు లేడు.

అప్పుడు అంటాను: "మా అమ్మమ్మ వాన చుక్కల్ని కూడా లెక్కపెట్టి పుస్తకంలో రాసే మనిషి. నా మాట పొల్లుపోకుండా చేర్చింది. మాట చేరింది, మనిషే ఆగలేదు." ఇక్కడ జనం "అయ్యో" అంటారు. అప్పుడు పాట ఎత్తుకుంటాను.

క్యాసెట్ పంపుతున్నా. ఓమా దగ్గర వినే పెట్టె ఉందిగా.

నీ తప్పులమారి మనవరాలు,
ఆడ్రా


కౌపెన్ ఫోర్క్,
1996 మార్చి 26

ఆడ్రాకు,

క్యాసెట్ శుక్రవారం చేరింది. ఓమా ఇంటికి తీసుకెళ్ళాను. పని ఆపకుండా వినవచ్చునని ఓమా బంగాళాదుంపలు ముందు పెట్టుకుని తొక్క తీయసాగింది. రెండో చరణానికి కత్తి పక్కన పెట్టింది.

"ఇది మన చర్చి లాగుడే కదే వెస్టా! పెద్దాయన అందిస్తే మనం అందుకున్నట్టే లేదూ?" అంది.

"చర్చిలో గిటారు ఉండదు" అన్నాను.

"నీకు ఏడుపు రావట్లేదూ?"

"ఉల్లిపాయలు తరగడం లేదుగా."

"బండరాయివే తల్లీ నువ్వు" అని ముందు కట్టుకున్న వంటగుడ్డతో కళ్ళు తుడుచుకుంది. మూడోసారి వేయబోతే, కోళ్ళకు గింజలు వేయాలని లేచి వచ్చేశాను. గింజలు పొద్దున్నే వేశాను.

నీ గొంతు బాగుంది. ఇది మెప్పు కాదు, నమోదు. షికాగో పాటల్లో నువ్వు ఎవరింట్లోనో చెప్పులు విప్పి మునివేళ్ళ మీద నడుస్తున్నట్టు పాడేదానివి. ఇందులో పాదం పూర్తిగా ఆనించావు.

కొండమాట అంటే నాకు సిగ్గని రాశావు. నా అభ్యంతరం అది కాదు. ఏదో ఇప్పుడు వివరించలేను. కాని పాటకు ముందు చెప్పే కథలోంచి నన్ను తీసెయ్. ముఖ్యంగా "పొల్లుపోకుండా" అన్న ముక్క తీసెయ్. నీల్ బెకర్ మీద నాకు కోపం లేదు. అతను మర్యాదగల పిల్లవాడు. మన బల్ల దగ్గర ఎన్నడూ టోపీ పెట్టుకుని కూర్చోలేదు.

ఆ రోజు గురించి నీకొక మాట రాయాలని రెండుసార్లు మొదలుపెట్టాను. కొట్టివేతలు నీ కంట పడతాయని కాగితం మార్చాను. మరెప్పుడైనా.

వాన తొమ్మిది పదోవంతులు.

మీ అమ్మమ్మ,
వెస్టా స్టిడమ్


నాష్‌విల్,
ఏప్రిల్ 2

అమ్మమ్మా,

నీకూ మొహమాటమేనా! "నన్ను తీసెయ్"ట. పొగిడితే నీకు చెమటలు పడతాయని ఇన్నాళ్ళూ తెలీదు. తియ్యను. జనానికి నీల్ కంటే నువ్వే నచ్చావు. మొన్న ఒక లారీ డ్రైవరు నా దగ్గరికొచ్చి, "పాట సరేగాని, మీ అమ్మమ్మ బాగుందా?" అన్నాడు.

పాదం పూర్తిగా ఆనించావన్న ముక్క కత్తిరించి అద్దానికి అంటించాను. నా జన్మలో నువ్వు నాకిచ్చిన మొదటి మంచి మార్కు అది.

అసలు సంగతి. మార్విన్ ఈ పాటతో క్యాసెట్ వేస్తున్నాడు. అట్ట మీదికి బొమ్మ కావాలట. నా ఫోటో వద్దన్నాను. నీ రోజు పుస్తకంలో ఆ పేజీ కావాలన్నాను. 1987 జూన్ 18. నువ్వు రాసుంటావుగా? నువ్వు రాయకపోవడమన్నది ఉండదు. వాన ఎంతో, గుడ్లెన్నో, నేను ఎన్నింటికి ఫోన్ చేశానో, ఏమన్నానో. నీ చేతిరాతలో నా మాట. మార్విన్ ఈ సంగతి వినగానే కుర్చీలోంచి లేచాడు. పేజీ పంపించు, జాగ్రత్తగా తిరిగిస్తాం.

ఇంకొకటి. ఏప్రిల్ 27, శనివారం ఇక్కడ ఒక చిన్న హాల్లో క్యాసెట్ విడుదల. నా పేరు తలుపు మీద రాస్తారు. నువ్వు రావాలి. అక్కడ బీరు అమ్ముతారు, ముందే చెప్తున్నా, అక్కడికొచ్చాక మొహం చిట్లించుకోకు. ముందు వరసలో నీకు కుర్చీ పెట్టిస్తా.

ఫోను ఉంటే ఇవన్నీ ఒక్క నిమిషంలో చెప్పేదాన్ని. ఆ ఏడాదే ఎందుకు తీయించేశావో మహాతల్లీ!

నీ ఆడ్రా


కౌపెన్ ఫోర్క్,
1996 ఏప్రిల్ 9

ఆడ్రాకు,

నా పుస్తకాల్లోంచి పేజీ చింపడం కుదరదు. ముప్పై ఒక్క పుస్తకాలున్నాయి, ఒక్కదానిలో పేజీ పోయినా వరస చెడుతుంది. నీకోసం నకలు రాసి పంపుతున్నాను. నా చేతిరాతే కనుక మీ అట్టకు సరిపోతుంది.

"జూన్ 18, గురువారం. వాన నాలుగు పదోవంతులు. గుడ్లు తొమ్మిది. 12.20 నీల్ బెకర్ వచ్చాడు, ఆడ్రాను అడగమన్నాడు. 4.10 ఆడ్రా ఫోను. జవాబు: నాకేం పట్టింపు లేదని చెప్పు. 5.55 వంతెన దగ్గర చెప్పాను."

ఇరవై ఏడున రాలేను. కుడి మోకాలు బాగుండటం లేదు, అంత దూరం బస్సు ప్రయాణం చెయ్యలేను.

మీ అమ్మమ్మ,
వెస్టా స్టిడమ్


నాష్‌విల్,
ఏప్రిల్ 14

అమ్మమ్మా,

నకలు చేరింది. చూసి ఏడ్చాను. "5.55 వంతెన దగ్గర చెప్పాను." ఇంత పొడిగా, ఇంత నిజంగా ఎవరు రాయగలరు! మోకాలిది వంకేనని తెలుసు. బీరు అమ్మే చోటికి రావడం ఇష్టం లేక అంటున్నావు. సరే, బలవంతం చెయ్యను. కానీ ముందు వరసలో ఆ కుర్చీ నీదే. ఖాళీగానే ఉంచుతా, చూసి బాధపడతా, అదీ పాటలో పెడతా.

నీ నకలు చూశాక పాటకి ఆఖరి చరణం దొరికింది. ఇన్నాళ్ళూ వాణ్ణి ఏమీ అనకుండా వదిలేశాను. ఇప్పుడనిపిస్తోంది, నేను ఒప్పుకున్నానని ఐదూ యాభై అయిదుకి తెలిసిన మనిషి మూడు రోజులు ఆగలేకపోయాడా? ఎనిమిది నెలలు మన మధ్య తిరిగి మన మాట నేర్చినోడే కదా!

మాట పొల్లుపోక చేరెనే, మనసే చేరలేదే,
విన్నాడే, విననట్టు ఎల్లినాడే.
రాతి మీద వంతెన కట్టే రాతిగుండె వాడికీ,
నాకేం పట్టింపు లేదంటినే.

చూశావా, ఆఖర్న పట్టుమాట ఎలా తిరగబడిందో! ఆ ఒక్కసారి నాష్‌విల్ అర్థంలో పాడతాను, 'ఎటుపోతే నాకేం' అని. మార్విన్ ఇదే ప్రాణం అన్నాడు.

ఇంకా విను. జూన్‌లో ఇండియానాలో పాడమని పిలుపొచ్చింది. నీల్ అక్కడే ఉంటాడట, వాళ్ళ ఊరు ఆ హాలుకి ఇరవై మైళ్ళే. వాడికి టికెట్ పంపిస్తా. పేరు పెట్టి కథ చెప్పి, మొహం మీదే పాడతా. వెయ్యి మంది మధ్య తలెత్తలేకుండా చేస్తా. పాపం అనకు.

నీ ఆడ్రా


కౌపెన్ ఫోర్క్,
1996 ఏప్రిల్ 19

ఆడ్రాకు,

ఈ ఉత్తరంలో వాన లెక్క లేదు.

దీనితో ఉన్నది అసలు పేజీ. కత్తెరతో తీయలేదు, చేత్తో చింపాను. అంచు చూస్తే తెలుస్తుంది. నేను పంపిన నకలులో లేని మాట ఒకటి చివర ఉంది. అది చదివి మళ్ళీ ఇక్కడికి రా.

"5.55 వంతెన దగ్గర చెప్పాను. సరిదిద్దలేదు."

చదివావు కదా. ఇప్పుడు జరిగినది జరిగినట్టు రాస్తాను.

ఆ ఏడాది ఏప్రిల్‌లో, నువ్వు ఊళ్ళో లేని రోజు, నీల్ బెకర్ ఓమాను, "మీ బండిలో నన్ను పట్నం తీసుకెళతారా?" అని అడిగాడు. "నాకేం పట్టింపు లేదు నాయనా" అంది ఓమా. అతను మొహం చిన్నబుచ్చుకుని నాలుగు మైళ్ళు నడిచి వెళ్ళాడు. ఓమా గంటసేపు బండిలో కూర్చుని, "ఏడీ ఈ పిల్లాడు?" అని అరుస్తూనే ఉంది. మేమందరం నవ్వుకున్నాం. అతనికి ఎవరూ విడమరచి చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మన మాట అతనికి రాదని నాకు అప్పటినుంచి తెలుసు.

జూన్ 18న నీ జవాబు పట్టుకుని నేనే వంతెన దాకా నడిచాను. "నాకేం పట్టింపు లేదని చెప్పమంది" అన్నాను.

"అంతేనా అందండీ?"

"అంతే. ఒక్క అక్షరం మార్చలేదు."

అతను టోపీ తీశాడు. "మంచిదండీ. తను చల్లగా ఉండాలని చెప్పండి" అన్నాడు. ఆ మాట నీకు చేర్చలేదు. ఈరోజు చేరుస్తున్నాను, పొల్లుపోకుండా.

అతను టోపీ పెట్టుకుని వంతెన అవతలికి నడిచాడు. అవతలి ఒడ్డు చేరేదాకా ఇరవై ఆరు అడుగులు. లెక్కపెట్టాను. ఆ ఇరవై ఆరు అడుగుల్లో ఎక్కడైనా, "బాబూ, మా కొండల్లో ఆ మాటకు అర్థం వేరు" అని పిలవవచ్చు. ముప్పై ఎనిమిదేళ్ళు బడిలో ప్రతి పిల్ల నోట ప్రతి మాటా సరిదిద్దాను. ఆ ఒక్కసారి నోరు మెదపలేదు. ఆ మాటకు అర్థం నాకు తెలియదని ఎవరూ అనలేరు. 1941లో మీ తాతయ్య అడిగినప్పుడు నేను అన్నదీ అదే. కాలేజీ చదివిన నోట్లోంచి కొండమాటే వచ్చింది.

ఎందుకు చేశావంటే నీ చదువు పేరు చెప్పగలను. మీ అమ్మ పేరు చెప్పగలను. పద్దెనిమిదేళ్ళకు ఒకడి వెంట వెళ్ళి, ఏడాది తిరక్కుండా నిన్ను చంకనేసుకుని తిరిగొచ్చి, నీకు నాలుగేళ్ళయినా నిండకుండా కన్నుమూసింది. ఇవి నిజాలే. కాని ఆ ఇరవై ఆరు అడుగులలో నేను మీ అమ్మ గురించి ఆలోచించలేదు. నువ్వు నెబ్రాస్కా వెళితే ఆదివారం భోజనానికి నా ఎదుటి కుర్చీలో ఎవరూ ఉండరని ఆలోచించాను. రెండు నెలలకు నువ్వు కాలేజీ కూడా మానేసి షికాగో వెళ్ళిపోయావు. ఆ కుర్చీ ఎలాగూ ఖాళీ అయింది.

ఫోను తీయించింది అందుకే. అది మోగితే నాలుగూ పది అయినట్టుండేది.

తొమ్మిదేళ్ళలో నీకు ఒక్క అబద్ధమూ చెప్పలేదు. "చెప్పాను, వెళ్ళిపోయాడు" అన్నాను, రెండూ నిజం. నిజాలతోనే మోసం చేశాను. అబద్ధం ఈ నెల తొమ్మిదిన పంపిన నకలు ఒక్కటే. కాదు, మోకాలు కూడా. రెండు.

నీల్ బెకర్ మీద ఆ చరణం పాడకు. అతను విననట్టు వెళ్ళలేదు. విన్నదాన్ని నమ్మి వెళ్ళాడు. నువ్వు ఒప్పుకుంటే అతనికి నేనే రాస్తాను.

ఇరవై ఏడున నేను రావచ్చా? హాల్లో లేచి నిలబడి అందరి ముందూ ఇదే చెప్పమంటే చెబుతాను. రావద్దంటే రాను.

మీ అమ్మమ్మ,
వెస్టా స్టిడమ్


నాష్‌విల్,
ఏప్రిల్ 22

మిసెస్ వెస్టా స్టిడమ్ గారికి,

పేజీ చేరింది.

నీల్‌కి మీరు రాయనక్కర్లేదు. నేనే ఫోన్ చేశాను. ముందు నవ్వాడు. "ఆ మాటకి మీ ఊళ్ళో అర్థం అదా!" అన్నాడు. వెనక ఒక చిన్నపిల్ల "నాన్నా, నా ఇంకో బూటేదీ?" అంటోంది. "ఉండమ్మా, వస్తున్నా" అన్నాడు దానితో. నాతో, "నువ్వు బాగున్నావా ఆడ్రా?" అన్నాడు. బాగున్నానన్నాను. అంతే. తొమ్మిదేళ్ళు, నాలుగు నిమిషాలు. మీకు లెక్కలిష్టం కదా, రాసుకోండి.

ఆఖరి చరణం కొట్టేశాను. మీ ఎర్ర పెన్సిలు అక్కర్లేకపోయింది. అట్ట మీద ఏ పేజీ వేయాలో తెలీడం లేదు. మార్విన్ కొత్త చరణం రాయమంటున్నాడు. ఏం రాయను? ఇన్నాళ్ళూ ఇది ఆగకుండా వెళ్ళిపోయినవాడి మీద పాట అనుకున్నాను. ఎవరి మీద పాటో ఇప్పుడు నాకే తెలీదు. స్టేజీ మీద మీ పేరు చెప్పి ఎన్ని రోజులు మురిసిపోయానో తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది. మీరు చదువుతూ ఊరుకున్నారు. మొహమాటం అనుకున్నాను నేను.

కోపం లేదని రాద్దామనుకున్నా. ఉంది. చిన్నప్పుడు ఒక మాట తప్పు పలికితే నన్ను గోడ దగ్గర నిలబెట్టారు. మీరు ఒక్క మాట కూడా తప్పు పలకలేదు. మిమ్మల్ని ఎక్కడ నిలబెట్టాలి?

ఇరవై ఏడున రావచ్చా అని అడిగారు.

నాకేం పట్టింపు లేదు.

ఆడ్రా


కౌపెన్ ఫోర్క్,
1996 ఏప్రిల్ 25

ఆడ్రాకు,

నీ ఉత్తరం ఈరోజు పదింటికి వచ్చింది. ఆఖరి వాక్యం దగ్గర ఆగిపోయాను. కొండమాటగా చదివాను. నాష్‌విల్ మాటగా చదివాను. పెన్సిలుతో పక్కన ఏమీ రాయలేదు.

ఓమాకు చూపించాను. అది చూపించాలంటే మిగతాదంతా చెప్పాలి కనుక, చెప్పాను. ఓమా "ఆ చిక్కుడుకాయల దండ నేనే తీశానే వెస్టా" అంది. తనకు తోచిన ఓదార్పు అది. తర్వాత, "ఏ అర్థంలో అందో ఆ పిల్లనే అడగరాదూ?" అంది.

అడగను. ఒకతను ఆ మాట విని, ఏ అర్థమో అడగకుండా వెళ్ళిపోయాడు. నేను అడగకుండా వస్తున్నాను.

రేపు పొద్దున ఏడున్నరకు బస్సు. ఈ ఉత్తరం తపాలాలో వేస్తే నాకంటే వెనక చేరుతుంది. అందుకని నాతోనే తెచ్చి, హాలు తలుపు దగ్గర ఎవరికైనా ఇచ్చి నీకు అందించమంటాను. పాటకు ముందు చదువుతావో, తర్వాత చదువుతావో, అసలు చదవవో నీ ఇష్టం. ఆఖరి చరణంలో ఏం రాసినా, నా పేరు పెట్టి రాసినా, నేను దిద్దను. ఎర్ర పెన్సిలు ఇంట్లోనే ఉంచి వస్తున్నాను.

ముందు వరసలో కుర్చీ ఎవరికైనా ఇచ్చెయ్. ఎక్కడ నిలబెట్టాలని అడిగావు. వెనక గోడ దగ్గర ఉంటాను, గోడకు ఆనకుండా. మోకాలి గురించి ఆలోచించకు. మధ్యాహ్నం వంటింట్లో గడియారం ఎదురుగా నిలబడి చూశాను. రెండు గంటల పది నిమిషాలు నిలబడగలను.

అమ్మమ్మ